ప్రెషర్ కుక్కర్

ప్రెషర్ కుక్కర్ అనేది మూత గట్టిగా బిగించి, లోపల పుట్టిన ఆవిరిని కొంత మేరకు బయటకు పోనీయకుండా ఆపి, ఆ పీడనంలో ఆహారాన్ని త్వరగా ఉడికించే వంట పాత్ర. తెలుగువారి వాడుకలో దీనిని కుక్కరు అనే అంటారు. మూత లేని గిన్నెలో నీరు ఎంతసేపు మరిగినా 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటదు. కుక్కరులో అదే నీరు సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఈ 20 డిగ్రీల తేడా వలన కందిపప్పు, శనగలు, మాంసం వంటివి మామూలుగా పట్టే సమయంలో మూడోవంతు లేదా అంతకంటే తక్కువ సమయంలో ఉడుకుతాయి. ఇంటి వంటలోనే కాక, గాలి పీడనం తక్కువగా ఉండే కొండ ప్రాంతాలలో, యాత్రలలో, శిబిరాలలో కూడా ఇది చాలా ఉపయోగకరమైన పరికరం. అయితే వంటను త్వరగా పూర్తిచేసే ఈ పీడనమే అజాగ్రత్తగా ఉంటే ప్రమాదానికి కారణమవుతుంది. కాబట్టి దీని రక్షణ భాగాల గురించి వాడేవారందరికీ అవగాహన అవసరం.

కుక్కరుకు ముందు

తెలుగువారి ఇళ్ళలో అన్నం వండటానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది ఎక్కువ నీటితో ఎసరు పెట్టి, బియ్యం ఉడికిన తరువాత గంజి వార్చడం. రెండవది బియ్యానికి సరిపడా నీరు మాత్రమే పోసి, ఆ నీరంతా ఇగిరేవరకు సన్నని సెగపై ఉంచడం. దీనిని అత్తెసరు అంటారు. పప్పు వండటానికి మట్టికుండ గాని, ఇత్తడి లేదా కంచు గిన్నె గాని వాడేవారు. కందిపప్పు మెత్తబడటానికి కట్టెల పొయ్యి మీద చాలా సమయం పట్టేది. ఉడికిన పప్పును పప్పుగుత్తితో మెదిపేవారు. ఈ వంట జరుగుతున్నంతసేపూ మంట ఎగదోయడానికి, ఊదుగొట్టంతో ఊదడానికి, పొంగు చూసుకోవడానికి ఒక మనిషి పొయ్యి దగ్గరే ఉండవలసి వచ్చేది.

ఒకే మంటపై అనేక పదార్థాలు వండే ప్రయత్నం భారతదేశంలో ప్రెషర్ కుక్కరు కంటే ముందే జరిగింది. బెంగాల్‌కు చెందిన వైద్యుడు ఇందుమాధవ్ మల్లిక్ 1910లో ఇక్‌మిక్ కుక్కర్ అనే పాత్రను రూపొందించాడు. ఇందులో ఒకదానిపై ఒకటి పేర్చిన గిన్నెలను ఒక గొట్టం వంటి డబ్బాలో పెట్టి, అడుగున బొగ్గుల సెగ ఉంచేవారు. ఆవిరికి అన్నం, పప్పు, కూర కలిసి నెమ్మదిగా ఉడికేవి. ప్రయాణాలు చేసేవారికి, ఒంటరిగా ఉండే ఉద్యోగులకు ఇది అనువుగా ఉండేది. అయితే ఇందులో ఆవిరి పీడనం పెరగదు కనుక ఇది ప్రెషర్ కుక్కరు కాదు. గిన్నెలు పేర్చే పద్ధతి మాత్రం తరువాత ప్రెషర్ కుక్కరులోనూ కనిపిస్తుంది.

చరిత్ర

పీడనంతో వండే పాత్రను మొదట తయారుచేసినవాడు ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త డెనిస్ పాపిన్. ఇతడు 1647లో ఫ్రాన్సులోని బ్లోవా ప్రాంతంలో జన్మించాడు. పారిస్‌లో క్రిస్టియన్ హైగెన్స్ వద్ద, తరువాత లండన్‌లో రాబర్ట్ బాయిల్ వద్ద పనిచేశాడు. 1679లో తన పాత్రను లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు ప్రదర్శించాడు. గట్టి ఎముకలను సైతం మెత్తబరచి, వాటిలోని సారాన్ని ఆహారంగా మార్చగలదు కనుక దీనికి డైజెస్టర్ అని పేరు పెట్టాడు. 1681లో ఈ పరికరాన్ని వివరిస్తూ ఒక పుస్తకం ప్రచురించాడు. 1682 ఏప్రిల్ 12న రాయల్ సొసైటీ సభ్యులకు ఈ పాత్రలో వండిన పదార్థాలతో విందు జరిగింది. ఆ విందులో పాల్గొన్న జాన్ ఎవెలిన్ తన దినచర్యలో దానిని వర్ణించాడు.

పాపిన్ పరికరంలో వంట కంటే ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. పీడనం హద్దు మీరినప్పుడు ఆవిరి దానంతట అదే బయటకు పోయేలా, ఒక మీట చివర బరువు వేలాడదీసిన కవాటాన్ని అతడు అమర్చాడు. దీనినే రక్షక కవాటం లేదా సేఫ్టీ వాల్వ్ అంటారు. తరువాతి కాలంలో ఆవిరి యంత్రాల బాయిలర్లకు ఇటువంటి కవాటాలే ఆధారమయ్యాయి. ఆవిరితో ముషలకాన్ని కదిలించవచ్చుననే ఆలోచనను కూడా పాపిన్ 1690లో ప్రతిపాదించాడు.

ఆ తరువాత చాలాకాలం పాటు ఈ సూత్రం ఇంటి వంటలో కంటే పరిశ్రమలలో, వైద్యంలో ఎక్కువగా ఉపయోగపడింది. 1879లో ఫ్రాన్సులో చార్లెస్ చాంబర్లాండ్ రూపొందించిన ఆటోక్లేవ్ ఈ కోవకు చెందినదే. ఇంటిలో సులభంగా వాడగల కుక్కర్లు 1930వ దశకం చివరిలో అమెరికాలో వచ్చాయి. 1938లో ఆల్ఫ్రెడ్ విషర్ రూపొందించిన ఫ్లెక్స్-సీల్ కుక్కరు, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపిన ప్రెస్టో కుక్కరు వీటిలో ముఖ్యమైనవి.

భారతదేశంలో 1959వ సంవత్సరం ఈ విషయంలో ముఖ్యమైనది. హెచ్.డి.వాసుదేవ బొంబాయిలో హాకిన్స్ సంస్థను ఆ సంవత్సరమే స్థాపించాడు. దక్షిణాదిన టి.టి.కె. వర్గానికి చెందిన సంస్థ బ్రిటన్‌కు చెందిన ప్రెస్టీజ్ సహకారంతో కుక్కర్ల తయారీ చేపట్టింది. క్రమంగా పట్టణాలలో, ఆ తరువాత గ్రామాలలో కుక్కరు వాడకం పెరిగింది. వంటగ్యాసు వ్యాప్తి కూడా దీనికి తోడ్పడింది. మంటను కావలసినట్లు తగ్గించగల, పెంచగల పొయ్యి మీదనే కుక్కరును సక్రమంగా వాడటం సులభం.

పనిచేసే సూత్రం

ఒక ద్రవం ఏ ఉష్ణోగ్రత వద్ద మరుగుతుందనేది దాని పైనున్న పీడనంపై ఆధారపడి ఉంటుంది. సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత లేని గిన్నె కింద మంట ఎంత పెంచినా, అదనపు వేడి నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది తప్ప ఉష్ణోగ్రత పెరగదు. కుక్కరులో ఆవిరికి దారి మూసుకుపోవడం వలన లోపలి పీడనం పెరుగుతుంది, దానితో పాటు నీటి మరుగు స్థానం కూడా పెరుగుతుంది. గృహావసరాల కుక్కర్లలో బయటి గాలి కంటే లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము ఎక్కువగా ఉంటుంది. ఈ పీడనం వద్ద నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగుతుంది.

ఆహారం ఉడకడం ఒక రసాయనిక చర్య. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ ఇటువంటి చర్యల వేగం బాగా పెరుగుతుంది. పప్పులోని పిండిపదార్థం నీటిని పీల్చుకోవడం, కణాల గోడలు మెత్తబడటం, మాంసంలోని గట్టి పీచు కరగడం ఇవన్నీ త్వరగా జరుగుతాయి.

భాగాలు

- పాత్ర: అల్యూమినియంతో గాని, స్టెయిన్‌లెస్ స్టీలుతో గాని చేస్తారు. అల్యూమినియం వేడిని త్వరగా వ్యాపింపజేస్తుంది. స్టీలు పాత్రకు పులుపు వలన నష్టం ఉండదు. స్టీలు పాత్రల అడుగున వేడి సమానంగా పరచుకోవడానికి అల్యూమినియం పొరను కలుపుతారు.
- మూత: ఇది రెండు రకాలు. పై మూత రకంలో మూత పాత్ర అంచు మీద కూర్చొని, తిప్పితే బిగుసుకుంటుంది. లోపలి మూత రకంలో మూత పాత్ర లోపలికి వెళ్ళి, అంచును కింది నుండి అదుముతుంది. లోపల ఆవిరి ఉన్నంతసేపు ఆ పీడనమే మూతను మరింత బిగిస్తుంది కనుక ఈ రకం మూతను తొందరపడి తీయడం కష్టం.
- గాస్కెట్: మూతకు, పాత్రకు మధ్య సందు లేకుండా చేసే రబ్బరు వలయం.
- వెయిట్: మూత మధ్యలో ఉన్న ఆవిరి గొట్టం మీద కూర్చునే బరువు. వాడుకలో దీనిని విజిల్ అని కూడా అంటారు. గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్ల వ్యాసం గలది అనుకుంటే, ఒక కిలోగ్రాము పీడనాన్ని ఆపడానికి సుమారు 70 గ్రాముల బరువు చాలు. పీడనం అంతకు మించినప్పుడు బరువు లేచి, కూతతో ఆవిరి బయటకు పోతుంది.
- సేఫ్టీ వాల్వ్: ఆవిరి గొట్టం మూసుకుపోయినప్పుడు గాని, లోపల నీరు అయిపోయినప్పుడు గాని పనిచేసే రెండవ రక్షణ. చాలా కుక్కర్లలో ఇది తక్కువ ఉష్ణోగ్రతకే కరిగే మిశ్రమ లోహంతో నింపిన చిన్న బిళ్ళ. వేడి హద్దు మీరితే ఆ లోహం కరిగి, ఆవిరికి దారి ఇస్తుంది.
- గాస్కెట్ విడుదల మార్గం: కొన్ని కుక్కర్ల మూత అంచున ఒక చీలిక ఉంటుంది. మిగిలిన రక్షణలు పనిచేయనప్పుడు గాస్కెట్ ఆ చీలిక గుండా బయటకు ఉబికి, ఆవిరిని కిందివైపుకు వదులుతుంది.

వాడే విధానం

తెలుగువారి ఇళ్ళలో కుక్కరును రెండు విధాలుగా వాడతారు. మొదటి పద్ధతిలో అడుగున కొంత నీరు పోసి, లోపల గిన్నెలు ఒకదానిపై ఒకటి పేరుస్తారు. సాధారణంగా పప్పు గిన్నె అడుగున, అన్నం గిన్నె దానిపైన, దుంపలు లేదా కూరగాయలు అన్నిటికంటే పైన పెడతారు. ఒకే మంటపై మూడు పదార్థాలు సిద్ధమవుతాయి. అల్యూమినియం కుక్కరు లోపలి భాగం నల్లబడకుండా అడుగు నీటిలో నిమ్మచెక్క గాని, కొద్దిగా చింతపండు గాని వేయడం వాడుకలో ఉంది. రెండవ పద్ధతిలో గిన్నెలు లేకుండా పదార్థాన్ని నేరుగా పాత్రలోనే వండుతారు. పులావు, మాంసం కూర, శనగలు ఈ విధంగా వండుతారు.

పప్పు ఉడికేటప్పుడు నురగ వస్తుంది. కొద్దిగా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. చింతపండు, టమాటా వంటి పులుపు పదార్థాలు పప్పు మెత్తబడటాన్ని ఆలస్యం చేస్తాయి. అందువలన పప్పు ఉడికిన తరువాతనే పులుపు కలపడం మంచిది. శనగలు, బొబ్బర్లు, రాజ్మా వంటివి ముందుగా నానబెడితే సమయం, ఇంధనం రెండూ కలిసివస్తాయి.

వంటల పుస్తకాలలో మూడు కూతలు, నాలుగు కూతలు అని రాయడం కనిపిస్తుంది. నిజానికి కూతల సంఖ్య సమయానికి సరైన కొలత కాదు. మంట పెద్దదైతే కూతలు త్వరత్వరగా వస్తాయి, సన్నని సెగపై చాలాసేపటికి ఒకటి వస్తుంది. పాత్ర పరిమాణం, అందులోని పదార్థం కూడా దీనిని మారుస్తాయి. మొదటి కూత వచ్చిన తరువాత మంట బాగా తగ్గించి, అప్పటి నుండి నిమిషాలు లెక్కించడం కచ్చితమైన పద్ధతి. కూత వచ్చినప్పుడల్లా పోయే ఆవిరి, దానితోపాటు పోయే వేడి వృథా అయినట్లే.

ఎత్తైన ప్రదేశాలలో, శిబిరాలలో

భూమి నుండి పైకి వెళ్ళేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. సుమారు ప్రతి 300 మీటర్లకు నీటి మరుగు స్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ఈ తేడా వంటలో పెద్దగా తెలియదు. కాని హిమాలయాలలో 3,583 మీటర్ల ఎత్తున ఉన్న కేదారనాథ్‌లో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ మామూలు గిన్నెలో వండిన అన్నం పలుకుగా మిగిలిపోవడానికి, పప్పు గంటల తరబడి ఉడకకపోవడానికి కారణం ఇదే. నీరు తెర్లుతూ కనబడినా దానిలో తగినంత వేడి ఉండదు.

ఈ విషయాన్ని చార్లెస్ డార్విన్ తన యాత్రా గ్రంథంలో నమోదు చేశాడు. 1835 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలను దాటుతున్నప్పుడు అతని బృందం బంగాళాదుంపలు ఉడికించడానికి ప్రయత్నించింది. రాత్రంతా పొయ్యి మీద ఉంచి, ఉదయం మళ్ళీ మరిగించినా అవి గట్టిగానే ఉన్నాయి. కొత్తగా తెచ్చిన కుండకే దుంపలు ఉడికించడం ఇష్టం లేదని అతని తోడివారు తేల్చుకున్నారు. గాలి పీడనం తగ్గడం వలన ఇలా జరిగిందని, ఇది పాపిన్ డైజెస్టర్‌లో జరిగేదానికి సరిగ్గా వ్యతిరేకమని డార్విన్ వివరించాడు.

కుక్కరు వెయిట్ బయటి పీడనానికి పైన ఎంత పీడనం ఉండాలో మాత్రమే నిర్ణయిస్తుంది. అందువలన కొండ మీద కుక్కరు లోపలి ఉష్ణోగ్రత కూడా కొంత తగ్గుతుంది. అయినా మామూలు గిన్నెతో పోలిస్తే లాభం చాలా ఎక్కువ. సుమారు విలువలు ఇలా ఉంటాయి:

- సముద్రమట్టం: మామూలు గిన్నెలో 100 డిగ్రీలు, కుక్కరులో 120 డిగ్రీలు
- లేహ్, సుమారు 3,500 మీటర్లు: మామూలు గిన్నెలో 88 డిగ్రీలు, కుక్కరులో 114 డిగ్రీలు
- ఎవరెస్టు దక్షిణ బేస్ క్యాంపు, సుమారు 5,360 మీటర్లు: మామూలు గిన్నెలో 82 డిగ్రీలు, కుక్కరులో 111 డిగ్రీలు

కాబట్టి ఎత్తైన చోట్ల కుక్కరులో కూడా మామూలు కంటే ఎక్కువ నిమిషాలు ఉంచాలి. రాజ్మా గింజల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. వాటిలో సహజంగా ఉండే ఒక విషపదార్థం 100 డిగ్రీల వద్ద కనీసం పది నిమిషాలు బాగా మరిగితేనే నశిస్తుంది. సగం ఉడికిన గింజలు వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి. మంచు కొండల మీద మూత లేని గిన్నెలో ఆ వేడి అందదు కనుక అక్కడ రాజ్మాను కుక్కరులోనే వండాలి.

శిబిరాలలో మరొక సమస్య ఇంధనం. కిరోసిన్‌ను గాని, గ్యాసును గాని మనుషులు, కంచరగాడిదలు మోసుకుపోవలసిన చోట వంట సమయం తగ్గితే మోసే బరువూ తగ్గుతుంది. దూరప్రాంతాల తీర్థయాత్రలకు వెళ్ళేవారు, లారీ డ్రైవర్లు కూడా చిన్న స్టవ్వుతో పాటు కుక్కరును వెంట ఉంచుకుంటారు. రెండు లేక మూడు లీటర్ల పాత్ర ఇందుకు సరిపోతుంది. ఇటువంటి ప్రయాణాలలో అదనంగా ఒక గాస్కెట్, ఒక సేఫ్టీ వాల్వ్ దగ్గర ఉంచుకోవడం అవసరం. అవి చెడిపోతే మారుమూల చోట్ల దొరకవు. పైగా, చదునుగా లేని రాళ్ళ పొయ్యి మీద నిండు కుక్కరు ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇంధన పొదుపు, పోషక విలువలు

కుక్కరు వాడకం వలన అన్నానికి 20 శాతం, నానబెట్టిన శనగపప్పుకు 46 శాతం, మాంసానికి 41.5 శాతం ఇంధనం ఆదా అవుతుందని పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ప్రచారం చేసింది. ఎక్కువసేపు ఉడకవలసిన పదార్థాలకే ఎక్కువ లాభమని ఈ అంకెలను బట్టి తెలుస్తుంది. త్వరగా ఉడికే ఆకుకూరలకు కుక్కరు అవసరం లేదు.

గంజి వార్చినప్పుడు నీటిలో కరిగే బి విటమినులు గంజితో పాటు పోతాయి. కుక్కరులో అన్నానికి వార్చే పని లేదు కనుక ఆ నష్టం తప్పుతుంది. అయితే ఇది అత్తెసరుకు కూడా వర్తిస్తుంది.

ప్రమాదాలు, జాగ్రత్తలు

20 సెంటీమీటర్ల వ్యాసం గల మూతపై, లోపలి పీడనం వలన 300 కిలోగ్రాములకు మించిన బలం పనిచేస్తుంది. ఈ స్థితిలో మూత ఊడితే జరిగే ప్రమాదం బలానికే పరిమితం కాదు. 120 డిగ్రీల వద్ద ఉన్న నీరు ఒక్కసారిగా బయటి పీడనానికి వస్తే, ప్రతి లీటరులో సుమారు 37 గ్రాముల నీరు ఆ క్షణంలోనే ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి 60 లీటర్ల పైచిలుకు చోటు ఆక్రమిస్తుంది. దానితో పాటు మరుగుతున్న పప్పు, గంజి పైకి ఎగజిమ్మి, ఎదురుగా ఉన్నవారి ముఖాన్ని, చేతులను కాలుస్తుంది.

ప్రమాదాలకు సాధారణ కారణాలు: ఆవిరి గొట్టంలో పప్పు పొట్టు అడ్డుపడటం, పాత్రను నిండుగా నింపడం, నీరు పోయకుండా పొయ్యి మీద పెట్టడం, కాలం చెల్లిన గాస్కెట్, నకిలీ సేఫ్టీ వాల్వ్, ఆవిరి పోకముందే మూతను బలవంతంగా తీయడం. వీటిని నివారించడానికి పాటించవలసిన జాగ్రత్తలు:

- వాడే ముందు ప్రతిసారీ ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. రంధ్రం గుండా వెలుతురు కనబడాలి.
- పాత్రను మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. నేరుగా పాత్రలోనే పప్పు, బియ్యం వండేటప్పుడు సగానికి మించరాదు.
- గొట్టం నుండి ఆవిరి ధారగా రావడం మొదలైన తరువాతనే వెయిట్ పెట్టాలి. దీనివలన లోపలి గాలి బయటకు పోతుంది, గొట్టం తెరిచే ఉన్నదని కూడా రుజువవుతుంది.
- చాలాసేపు కూత రాకపోతే పొయ్యి ఆర్పాలి. కుక్కరును కదిలించరాదు, వెయిట్‌ను తట్టరాదు.
- పొయ్యి ఆర్పిన తరువాత పీడనం దానంతట అదే తగ్గేవరకు ఆగాలి. వెయిట్ కొద్దిగా ఎత్తితే ఆవిరి రాకుండా ఉన్నప్పుడే మూత తీయాలి. మూత సులభంగా రాకపోతే బలం ఉపయోగించరాదు.
- గాస్కెట్‌ను వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. అది గట్టిపడినా, పగిలినా, సాగినా మార్చాలి.
- సేఫ్టీ వాల్వ్ ఒకసారి కరిగితే దాని స్థానంలో అదే తయారీదారు వాల్వ్ మాత్రమే అమర్చాలి. రంధ్రాన్ని మరలతో గాని, మరి దేనితోనైనా గాని మూయరాదు. అలా మూసిన కుక్కరుకు చివరి రక్షణ ఉండదు.

నాణ్యతా ప్రమాణాలు

భారతదేశంలో గృహావసరాల ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్. 2347 అనే ప్రమాణం ఉంది. దీనిని భారతీయ ప్రమాణాల సంస్థ అమలు చేస్తుంది. ఈ సంస్థకు 1987కు ముందు ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అని పేరు ఉండేది కనుక, దాని ముద్రను ఇప్పటికీ ఐ.ఎస్.ఐ. ముద్ర అంటారు. 2020లో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఈ ముద్ర లేని కుక్కర్లను తయారుచేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం నిషిద్ధం. ఆన్‌లైన్ అమ్మకాలకు కూడా ఇది వర్తిస్తుంది. ప్రమాణాలకు లోబడని కుక్కర్ల అమ్మకానికి అవకాశమిచ్చిన ఆన్‌లైన్ సంస్థలపై 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జరిమానాలు విధించింది.

విశేషాలు

- వైద్యశాలలలో పరికరాలను క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ కూడా ప్రెషర్ కుక్కరు సూత్రంతోనే, సాధారణంగా 121 డిగ్రీల వద్ద పనిచేస్తుంది.
- విద్యుత్తుతో పనిచేసే ప్రెషర్ కుక్కర్లు ఉష్ణోగ్రతను, సమయాన్ని వాటంతట అవే నియంత్రించుకుంటాయి. 2010లో కెనడాలో మొదలైన ఇన్‌స్టంట్ పాట్ వీటిలో ప్రసిద్ధమైనది. అమెరికాలోని తెలుగువారు కూడా దీనిని వాడుతున్నారు.
- చదువుల కోసం విదేశాలకు వెళ్ళే తెలుగు విద్యార్థులు సామానులో చిన్న కుక్కరును తీసుకుపోవడం పరిపాటి.
- భారత ఎన్నికలలో ప్రెషర్ కుక్కరు ఒక గుర్తుగా కూడా ఉంది. 2017 డిసెంబరులో చెన్నై ఆర్.కె.నగర్ ఉప ఎన్నికలో ఈ గుర్తుపై పోటీచేసిన టి.టి.వి.దినకరన్ గెలుపొందాడు.

ఇవి కూడా చూడండి

- అత్తెసరు
- ఆవిరి యంత్రం
- ఇడ్లీ పాత్ర
- కిరోసిన్ స్టవ్
- పప్పుగుత్తి
- మరుగు స్థానం
- వంటగ్యాస్